ఎంకన్న తిరిగి కట్టిన గోడలు

దీవిలో లెస్కాలియే ఊరి చుట్టుపక్కల చెరకు తోటల్లో నల్లరాతి గోడలు చాలా ఉన్నాయి. వాటికి సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి పేర్చి కట్టినవే. చెరకు నాటాలంటే ముందు పొలంలో రాళ్ళు ఏరాలి, ఏరిన రాళ్ళను ఎక్కడో ఒకచోట పెట్టాలి. అలా పుట్టిన గోడలవి. వాటిలో దాదాపు సగం ఎంకన్న ముఠా కట్టినవి. ఆయన ముఠాను నడిపే సర్దారుగా ఉన్న పద్దెనిమిదేళ్ళలో కట్టిన గోడల్లో ఒక్కటీ కూలలేదు. అది నిజమే అయినా, ముసలితనంలో ఎవరైనా ఆయన ఎదుట ఆ మాట అంటే లేచి అవతలికి పోయేవాడు.

ముఠా అంటే పదిహేనుమంది. గునపాలతో రాయి లేపేవాళ్ళు, మోసేవాళ్ళు, పేర్చేవాళ్ళు. గోడకు రెండు ముఖాలుంటాయి. ఆ రెండింటి నడిమి ఖాళీలో చిన్న రాళ్ళు కూరేది పాపమ్మ. అరవై దాటిన విధవరాలు. గోడ లోపల ఏముందో అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

ఎంకన్నకు చదువు లేదు. మనుషుల చేత పని చేయించడం పనిలోనే నేర్చుకున్నాడు. పొద్దున గంట కొట్టాక ముఠా నడిచి వస్తుంటే గట్టు మీద నిలబడి వాళ్ళ నడక చూసేవాడు. జ్వరం తగిలినవాడు గునపం భుజం మార్చుకునే తీరు వేరుగా ఉంటుందట. వాణ్ణి ఏమీ అడక్కుండా ఆ రోజుకు నీళ్ళు మోసే పనికి పంపేవాడు. ఇద్దరు పోట్లాడుకుంటే విడదీసేవాడు కాదు. ఇద్దరికీ కలిపి ఒక పెద్ద రాయి మోసే పని చెప్పేవాడు. పెద్ద రాయిని ఇద్దరూ ఒకేసారి దించాలి, లేకపోతే ఒకడి పాదం పోతుంది. మధ్యాహ్నానికి ఎలాగూ మాట్లాడుకోక తప్పేది కాదు. మిగతా సర్దార్ల చేతిలో బెత్తం ఉండేది. ఈయన చేతిలో గోడ నిలువు చూసేందుకు దారానికి కట్టిన సీసపు గుండు ఉండేది.

గోడలో తప్పు కనబడితే మాత్రం అక్కడికక్కడే చెప్పేవాడు. "తీసెయ్" అనేవాడు, అంతే. ముఠాలో రాళ్ళు పేర్చే గోపాలం దాని మీద హాస్యాలాడేవాడు. "మన సర్దారుకి ఒక్క మాటే ఒచ్చు. అదీ నా కోసమే నేర్సుకున్నాడు" అనేవాడు.

అలాంటి ఎంకన్న ఒక్క మనిషికి ఆ ఒక్క మాట చెప్పలేకపోయాడు.

ఆ మనిషి దాసు. దాసు తండ్రీ ఎంకన్న తండ్రీ కోరంగి రేవులో ఒకే ఓడ ఎక్కి ఈ దీవికి చెరకు తోటల కూలికి వచ్చినవాళ్ళు. ఒకే ఓడ దిగినవాళ్ళు ఇక్కడ అన్నదమ్ములే. వాళ్ళ పిల్లల మధ్య పెళ్ళిళ్ళు చేసుకోరు, ఒకరింట్లో చావైతే రెండో ఇంట్లోనూ మైల పాటిస్తారు, ఒకరి తప్పును మరొకరు నలుగురిలో ఎత్తరు. ఎంకన్నకు తోడబుట్టినవాళ్ళు లేరు. దాసు ఆయనకన్నా పన్నెండేళ్ళు చిన్న. చిన్నప్పుడు ఎంకన్నే ఎత్తుకుని తిప్పాడు.

దాసుకు గొంతు ఉంది. తండ్రి నోట విని నేర్చుకున్న రామకీర్తనలు నూటికి పైగా వచ్చు. శనివారాలు కూలీలుండే కాంపులో భజన జరిగితే దీపం చుట్టూ తిరుగుతూ దాసు పాడేవాడు, ఎంకన్న తాళాలు వేసేవాడు. తెలుగు అక్షరం తెలియని పిల్లలు కూడా దాసు నోట విన్న తెలుగునే పట్టుకున్నారు. కాంపులో పెద్దవాళ్ళు సైతం ఆయన్ను దాసు గారనే అనేవాళ్ళు.

1909లో కలుపు తీసే ముఠాలోంచి దాసును ఎంకన్నే అడిగి తన ముఠాలోకి తెచ్చుకున్నాడు. రాయి మోయించాడు, నాలుగు నెలల తర్వాత పేర్చడానికి పెట్టాడు. దాసు చెయ్యి చురుకైనది. వారం తిరిగేసరికి ఆయన కట్టిన ముక్క అందరికన్నా నున్నగా కనబడింది. గోడల పని చూసే ఫ్రెంచి దొర గుర్రం ఆపి, "సా మిరాయ్ లా బ్యేఁ జొలి" అన్నాడు, గోడ చాలా ముచ్చటగా ఉందని.

ఆ సాయంత్రం పాపమ్మ ఎంకన్నను పక్కకు పిలిచింది.

"నీ తమ్ముడి గోడ బయట్నుంచి సూత్తే పెళ్ళికూతురు ఎంకన్నా. లోపల సెయ్యెట్టి సూడు. నానెన్ని రాళ్ళు కూరినా బొక్క నిండట్నేదు."

"కొత్త గదా పిన్నీ. నేర్సుకుంటాడు."

"నేర్పితే నేర్సుకుంటాడు."

ఎంకన్న వంగి చూశాడు. సంగతి అర్థమైంది. రాయి పొడుగు గోడ లోపలికి పోవాలి, బయటికి దాని కొస మాత్రమే కనబడాలి. దాసు పొడుగు రాళ్ళను గోడ వెంబడి అడ్డంగా పరిచాడు. అలా పరిస్తే ముఖం నున్నగా వస్తుంది, పని జోరుగా సాగుతుంది, కానీ లోపల పట్టు ఉండదు. పైగా బారకు రెండు చొప్పున ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే అడ్డరాళ్ళు వెయ్యాలి. గోడ రెండు ముఖాలనూ కలిపి పట్టుకునేవి అవే. వాటి కొసలు బయటికి పొడుచుకొచ్చి అందం చెడగొడతాయని దాసు ఒక్కటీ వెయ్యలేదు.

మరునాడు పొద్దున్నే ఎంకన్న దాసు దగ్గరికి వెళ్ళాడు. దాసు చేతులు దులుపుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

"సూడన్నా, నూలు పట్టి సూసుకో. నా గోడ మీద సీమ నడిసినా జారి పడిపోద్ది."

పక్కన మోసేవాళ్ళు రాయి దించి చూస్తున్నారు. గోపాలం చేతిలో రాయి చేతిలోనే ఉంది. ఇప్పుడు ఆ మాట వస్తుందని అందరూ ఎదురు చూశారు. శనివారం ఎవరి పాట వెనక తామంతా తిరుగుతారో ఆ మనిషిని, ఇంతమందిలో, కట్టింది తీసెయ్యమని అనాలి. ఎంకన్న సీసపు గుండు వేలికి చుట్టుకున్నాడు.

"బాగుంది తమ్ముడా. పొద్దెక్కుతంది, కానీ" అన్నాడు.

ఆ రోజు నాలుగు గంటలకు అందరూ వెళ్ళాక ఎంకన్న ఆ ముక్క విప్పి, అడ్డరాళ్ళు వేసి, మళ్ళీ కట్టాడు. అడ్డరాళ్ళ కొసలు పొడుచుకు రాకుండా, బయటి ముఖం ముందెలా ఉందో ఇంచుమించు అలాగే ఉండేట్టు చూశాడు. అది మామూలుగా కట్టడం కన్నా కష్టమైన పని. పాపమ్మ ఉండి రాళ్ళు అందించింది. వారం తర్వాత మళ్ళీ అలాగే చెయ్యాల్సి వచ్చినప్పుడు ఆమె గంప బోర్లించి ఇంటికి పోయింది.

ఒక్కసారితో పోతుందనుకున్నాడు ఎంకన్న. నాలుగైదుసార్లు ఊరికే దగ్గర నిలబడి తాను కట్టి చూపిస్తే దాసు తనంతట తానే గ్రహిస్తాడనుకున్నాడు. దాసు చూసేవాడు కాదు, పాట అందుకునేవాడు. తప్పు చేస్తున్నానని తెలియనివాడు ఎదుటివాడి పనిలో ఏం వెతుక్కుంటాడు? అలా రెండేళ్ళు గడిచాయి. దాసుకు చిన్న చిన్న ముక్కలే ఇచ్చేవాడు, ఆయన పక్కన పాపమ్మనే పెట్టేవాడు, అడ్డరాళ్ళకు పనికొచ్చే పొడుగు రాళ్ళను ముందే ఒక వారగా దాచి ఉంచేవాడు, సాయంత్రం తన అవసరానికి.

ముఠా అంతా ఇది గమనించింది. ఎవరూ దాసుతో అనలేదు. ఓడ వరస వాళ్ళిద్దరిది, మధ్యలో మనమెందుకని ఊరుకున్నారు. కానీ పని తీరు మారింది. ఇదివరకు "తీసెయ్" అంటే నవ్వి తీసే గోపాలం ఒకరోజు తియ్యలేదు.

"నేనెందుకు తియ్యాలి సర్దారూ? సాయంత్రం నువ్వే కట్టుకో. నా గొంతు బాగోదని నాకే ఈ శిచ్చా?"

పోట్లాడినవాళ్ళిద్దరి చేత రాయి మోయించిన ఎంకన్నకు ఈ చిక్కు ఎలా విప్పాలో తోచలేదు. గోపాలం చివరికి తానే రాయి తీసి మళ్ళీ పెట్టాడు. ఆ తర్వాత అతను పనిలో హాస్యాలాడటం మానేశాడు.

భజనలో మాత్రం సంగతి వేరు. ఒక శనివారం దీపం వెలిగించి మొదటి కీర్తన ఎత్తుకున్నారు. రెండో చరణంలో దాసు పాట ఆపి, "అన్నా, తాళం జారిపోతంది. ఎనకబడకు" అన్నాడు, అందరి ఎదుటా. ఎంకన్న తలూపి సరిచేసుకున్నాడు. పాట సాగింది. అందులో ఎంకన్నకు అవమానం కనబడలేదు, పాట బాగుపడిందంతే. ఆ రోజైనా, పనిలోనూ ఇంతే కదా అని తనకు తోచి ఉండాల్సిందని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

1911లో దీవి లోపల నువెల్ ఫ్రాన్స్ అనే ఊరి దగ్గర కొత్తగా అడవి కొట్టి చెరకు వేయడం మొదలుపెట్టారు. అక్కడా రాతి ముఠా కావాలి, దానికొక సర్దారు కావాలి. దొరకు దాసు కట్టిన నున్నటి గోడ గుర్తుంది. ఎంకన్నను పిలిపించి, దాసు పనికొస్తాడా అని అడిగాడు.

ఎంకన్న టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. రాడని చెప్పొచ్చు. ఇంకో ఏడాది ఆగమనొచ్చు. అప్పుడు ఎందుకని దొర అడుగుతాడు, రెండేళ్ళ సాయంత్రాల సంగతి బయటపడుతుంది, దాసు పరువు పోతుంది. వస్తాడంటే దాసుకు పెద్దరికం. తనకు మళ్ళీ నాలుగు గంటలకు ఇల్లు. గోపాలం మళ్ళీ నవ్వుతాడు. ఇవన్నీ తాను ఎంతసేపు ఆలోచించాడో ఎంకన్న తర్వాత దాచుకోలేదు. ఎంతోసేపు పట్టలేదన్నాడు.

"వస్తాడు ముస్యే" అన్నాడు దొరతో.

పాపమ్మ ఆ సాయంత్రమే అడిగింది. "ఆణ్ణి పైకి తోసి ఒదిలించుకుంటన్నావా?"

"పెద్ద పని గదా పిన్నీ. మంచే గదా."

"ఎవులికి?"

బండి కదిలే రోజు దాసు భార్య ముత్యాలమ్మ సామాను సర్దుకుని పైన కూర్చుంది. కాంపంతా వచ్చింది. ఎంకన్న బండి చక్రం పట్టుకుని దాసు దగ్గరగా జరిగాడు.

"తమ్ముడా, అక్కడ వాన ఎక్కువ. అడ్డరాళ్ళు మరిసిపోకు. బారకి రెండు."

దాసు నవ్వాడు. "అలోర్ అన్నా, మరి ఇప్పుడు సెప్తన్నావా? రెండేళ్ళు నీ కింద కట్టినాను. నా గోడ ఒక్కటైనా కూలిందా?"

ఎంకన్న చెప్పాల్సిన మాట అప్పుడు నోటిదాకా వచ్చింది. బండి చుట్టూ కాంపు. ముత్యాలమ్మ మొహంలో సంతోషం.

"లేదు" అన్నాడు.

లెస్కాలియేలో వాన ఒక మోస్తరు. నువెల్ ఫ్రాన్స్‌లో ఏడాదిలో ఎండ కాసే రోజులు లెక్కపెట్టేంత తక్కువ. దాసు అక్కడ బండ్ల దారి వెంబడి నలభై బారల గోడ కట్టించాడు. తాను కట్టినట్టే ముఠాకు నేర్పాడు. నున్నటి ముఖం, వెంబడి పరిచిన పొడుగు రాళ్ళు. అక్కడ పాపమ్మ లేదు కాబట్టి నడిమి ఖాళీని మట్టితో నింపారు. మట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది. రెండో ఏడు ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు ఆగకుండా కురిసింది. గోడ నడుమ పొట్ట పెట్టింది.

దాసు మంచి సర్దారు, ఆ మాట అక్కడివాళ్ళందరూ అంటారు. ముఠాను దగ్గరికి రానివ్వలేదు. దూరంగా నిలబడమని చెప్పి, పొట్ట పెట్టిన చోట ఒక రాయి సడలించి చూద్దామని తానే కుడిచెయ్యి పెట్టాడు. ముఖమంతా ఒక్కసారిగా జారింది.

ప్రాణం దక్కింది. ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. మిగతావి ముడుచుకోవు.

కబురు అందిన మరునాడు ఎంకన్న తెల్లవారుతూనే బయల్దేరి నడిచి వెళ్ళాడు. దొర పురమాయింపు కూడా ఉంది, మనుషుల్ని తీసుకుని వచ్చి ఆ గోడ తిరిగి కట్టమని. మనుషుల్ని వెనక రమ్మని, తాను ముందు దాసు ఇంటికి వెళ్ళాడు. దాసు గుమ్మంలో పీట మీద కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు. ముత్యాలమ్మ ఎంకన్నకు అన్నం, ఆకుకూర పెట్టి పక్కన నిలబడింది.

"అన్నా, ఒక సంగతి అడుగుతాను" అన్నాడు దాసు. "ఆలోసించి ఆలోసించి తల తిరుగుతంది. అక్కడా నేనే కట్టినాను, ఇక్కడా నేనే కట్టినాను. అదే సెయ్యి. అక్కడ నా గోడ కదల్లేదు. ఇక్కడ నేల సెడ్డదా? రాయి సెడ్డదా?"

నేల చెడ్డదని అంటే సరిపోయేది. దాసు నమ్మేవాడు, ముత్యాలమ్మ నమ్మేది, దొర కూడా నమ్మేవాడేమో.

"అక్కడిది నీ గోడ కాదు తమ్ముడా" అన్నాడు ఎంకన్న.

"ఏటి?"

"సాయంత్రాలు నువ్వింటికెళ్ళినాక నేను ఇప్పి కట్టేవోణ్ణి."

"ఎన్ని?"

"అన్నీ."

ముత్యాలమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

"ముఠాకి తెలుసా?"

"తెలుసు."

"రెండేళ్ళు నవ్వుకున్నారన్నమాట."

"ఎవులూ నవ్వలేదు."

"గోపాలమైనా నవ్వుంటాడులే." అని, కట్టున్న చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. "నీకు తాళం తప్పితే నేను సెప్పలేదా అన్నా? అందరి ముందరా సెప్పినాను. నీకు రోసం ఒచ్చిందా?"

"రాలేదు."

"నీకు రానిది నాకెందుకొస్తదనుకున్నావు?"

ఎంకన్న అన్నం పళ్ళెం పక్కకు జరిపాడు.

"రోసం కాదులే. ఈడికి పని రాదు, ఎప్పటికీ రాదు, పాడుకుంటాడు పోనీ అని ఒగ్గేసినావు. సిన్నపిల్లోడికి ఇసక ఇచ్చినట్టు నాకు రాళ్ళిచ్చినావు."

అలా అనుకోలేదని ఎంకన్న చెప్పబోయాడు. కానీ ఆ రెండేళ్ళలో ఒక్కసారైనా, వీడు నేర్చుకోగలడు అని తాను అనుకున్నాడా అని వెతుక్కుంటే, అనుకున్నట్టు గుర్తు రాలేదు.

మరునాడు పొద్దున గోడ దగ్గర గోపాలం, వెనక వచ్చిన మిగతా మనుషులు రాళ్ళు విడదీస్తుంటే దాసు నడిచి వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. ఒక బోర్లా పడ్డ రాయి మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు సెప్పు" అన్నాడు.

ఎంకన్న చెప్పాడు. సర్దారైన ఇన్నేళ్ళలో అంత మాట్లాడింది లేదు. రాయిని చేతిలో తిప్పి దాని బరువు ఎటు ఉందో, ఎటు కూర్చోవాలనుకుంటుందో, పైరాయి కిందిరాళ్ళ అతుకు మీద ఎందుకు పడాలో, గోడ పైకి పోయేకొద్దీ ఎందుకు సన్నబడాలో చెప్పాడు. దాసు మధ్యమధ్య ప్రశ్నలు వేశాడు. మంచి ప్రశ్నలు. రెండో రోజు ఎంకన్న కావాలనే ఒక రాయిని వెంబడి పరిచాడు. దాసు గమనించలేదు. మూడో రోజు అలాగే పరిస్తే, కొంచెం ఆలోచించి, "అది తిప్పాలేమో" అన్నాడు. నాలుగో రోజు ఎంకన్న రాయి పెట్టకముందే, కుప్పలో ఏది తీస్తే సరిపోతుందో ఎడమచేత్తో చూపించాడు. గోపాలం ఎంకన్న వైపు చూసి, తల దించుకుని తన పని చేసుకున్నాడు.

ఆరో రోజుకు గోడ నడుమెత్తు దాటింది. ఎంకన్న ఆ పూట పరీక్షలేమీ పెట్టడం లేదు. వాన వచ్చేలా ఉంది, పని తొందరలో ఉన్నాడు. ఒక అడ్డరాయి ఎత్తి రెండు ముఖాల మీదా ఆనేట్టు దించి, సందులో చిన్న రాయి కూరి, ఇంకోదానికి వంగాడు.

"తీసెయ్" అన్నాడు దాసు, గోడ అవతలి నుంచి.

ఎంకన్న తిరిగి చూశాడు.

"అవతలి కొస ఆనలేదన్నా. గాల్లో ఉంది. నువ్వటేపు లేవు, నీకు కనబడదు."

ఎంకన్న గోడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి చూశాడు. రాయి కొస కింద వేలు పట్టేంత సందు ఉంది. పైన మూడు వరసలు పడ్డాక అయితే ఎవరికీ తెలిసేది కాదు.

ఆయన రాయి తీసి కింద పెట్టాడు. ఆ చోటికి సరిపడేది వెతకడానికి రాళ్ళ కుప్ప వెనక్కి వెళ్ళాడు. చాలాసేపు తిరిగి రాలేదు. పిలవడానికి లేవబోయిన గోపాలాన్ని దాసు ఎడమచెయ్యి చాచి ఆపాడు.